రెండు కొసల దారం

జూలై 3, గురువారం

బుడ్డక్కా, ఇవాళ నీ రైఫిల్ పెట్టె సజ్జ మీది నుంచి కిందికి దిగింది. నేను దించలేదు. మీ నాన్న దించాడు. స్టూలు ఎక్కి దించి, దుమ్ము తుడిచి, మంచం పక్కన గోడకు ఆనించి, చీరల షాపులో పనికి పోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కాసేపు ఆగింది. తర్వాత మళ్లీ వినబడింది.

నిన్న విజయశ్రీ మేడమ్ ఫోన్ చేసింది. ఎల్‌బీ నగర్‌లో నీకు షూటింగ్ నేర్పిన మేడమ్ ఫోన్ చేస్తే, నువ్వు ఇంకా రేంజికి ఎందుకు రాలేదని అడుగుతుందేమో అనిపిస్తుంది నాకు ఇప్పటికీ. సంతోషి అని పదో తరగతి పిల్ల ఉందట. చంపాపేట్‌లో ఉంటారట. తండ్రి షేర్ ఆటో నడుపుతాడట. క్లబ్బు రైఫిళ్లు అందరూ వంతులు వేసుకుని వాడాల్సిందే, ఈ పిల్ల వంతు వచ్చేసరికి రేంజి మూసే టైం అవుతుందట. నెలాఖరుకు పోటీలకు సెలక్షన్ ఉందట.

"మీ జ్యోతిక రైఫిల్ ఊకెనే ఉన్నది కదక్కా, ఆ పిల్లకు ఇస్తరా?" అని అడిగింది.

మీ నాన్న అప్పుడే సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. వస్తువే కదా. నాకేం బాధ లేదు.

జూలై 5, శనివారం

ఆషాఢం సేల్. షాపు నుంచి చీరలు మూటలుగా వచ్చాయి. కొంగులకు కుచ్చులు వేసీ వేసీ వేళ్లు మండుతున్నాయి. పెట్టె తెరవడానికి తీరిక లేదు.

జూలై 6, ఆదివారం

ఓనరమ్మ ఇందిరాదేవి గారు కిరాయి రసీదు ఇవ్వడానికి వచ్చి పెట్టెను చూసింది. గడప దాటి లోపలికి రాలేదు.

"ఏవండీ కౌసల్యగారూ, ఆ తుపాకీ ఇంకా ఇంట్లోనే ఉంచుకున్నారా? భయం వెయ్యదాండీ?"

"గాలి తుపాకేనమ్మా. అదీ ఇచ్చేస్తున్నం."

"ఇచ్చేస్తున్నారా?" అంది. "మేడ మీదకి కోతులొచ్చినప్పుడు మీ అమ్మాయిని పిలిచానండీ. నేను కాయితమ్మీదే కొడతా ఆంటీ, కోతుల్ని కొట్టను అని పాలప్యాకెట్ లాక్కుపోయిన కోతికి టాటా చెప్పిందండీ." నవ్వబోయి కళ్లు తుడుచుకుని పోయింది. నేను ఏడవలేదు.

తర్వాత పెట్టె తెరిచాను. ఇంకొకరికి ఇచ్చే వస్తువును చూసి ఇవ్వాలి కదా. అందుకే తెరిచాను.

మనమూ దాన్ని వాడినదే కొన్నాం. ఉద్యోగం వచ్చి ఆట మానేసిన అబ్బాయి ఎవరో అమ్మాడు. తెచ్చిన రోజు మేడమ్ నిన్ను ముట్టనివ్వలేదు, గుర్తుందా? "వాడిన రైఫిల్ ఎవరి చేతుల ఎట్ల ఉన్నదో మనకు తెల్వది. ఖాళీగ ఉన్నదని వాళ్లు చెప్తె నమ్మొద్దు. నీ కన్ను చూడాలె, నీ దారం చూడాలె" అంది. మూతి గోడవైపు తిప్పింది. వెనక మూత తెరిచి లోపలికి చూసింది. చెక్క ఎక్కడైనా చీలిందా అని గోటితో తట్టింది. మరలు బిగించింది. ట్రిగ్గర్ తనంతట తనే జారుతోందేమో చూసింది. గొట్టం కింది గాలి సిలిండర్ మీది తారీఖు చదివింది. మధ్యాహ్నమంతా అదే పని. నేను మూలన కూర్చుని కునుకు తీశాను. నువ్వు రెప్ప వాల్చలేదు. ఆ తర్వాత ఇంట్లో పెట్టె తెరిచినప్పుడల్లా పూజ చేసినట్టు అదే వరుస. కూరగాయలు కోసుకుంటూ వినీ వినీ నాకూ నోటికి వచ్చేసింది.

ఆఖరున దారం. గొట్టంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా దారం దూరి, రెండు పక్కలా వేలాడుతుంటే లోపల ఏమీ లేనట్టు. ఎవరైనా దూరం నుంచే చూసి నిమ్మళంగా ఉండొచ్చు. అందరూ ప్లాస్టిక్ తీగ కొంటే, నేను నీకు కుచ్చులకు వాడే నారింజ రంగు పట్టుపోగులు పేని ఇచ్చాను. పోచంపల్లిలో పుట్టినదాన్ని, దారం కొనుక్కుంటానా?

ఇవాళ చూస్తే గొట్టంలో దారం లేదు. నీ రేంజి బ్యాగు జేబులో ఉంది, దువ్వెన పక్కన. నువ్వు దారం పెట్టకుండా పెట్టె మూయవు. ఎప్పుడూ మూయలేదు.

నేనే పెట్టబోయాను. సగం దాకా పోయి ఆగింది. పాతబడి పోగులు విచ్చుకున్నట్టున్నాయి. కొత్తది పేనాలి.

జూలై 7, సోమవారం

కొత్త దారం పేనాను. మగ్గానికి పడుగు తయారు చేసినట్టు గంజి పట్టించి, ఎండలో లాగి కట్టి, కడ్డీలా బిగిసేదాకా ఆరబెట్టాను. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది.

అదీ అక్కడే ఆగింది.

జూలై 8, మంగళవారం

లావైందేమో.

జూలై 10, గురువారం

లావు కాలేదు. సన్నంగా పేనింది కూడా అక్కడే ఆగుతోంది. మూతి దిక్కు నుంచి పెట్టినా అక్కడే, వెనక నుంచి పెట్టినా అక్కడే.

దారం తప్పేం లేదు.

ఆఖరిసారి రేంజికి పోయిన రోజు నువ్వు ఏమీ తినలేదు. ఇడ్లీలు ప్లేటులో పెట్టుకుని మెట్ల దాకా వెంటబడ్డాను. "ఖాళీ కడుపుతోని ఉంటేనే చెయ్యి కదలదు మమ్మీ, ఒచ్చి తింట" అన్నావు. వచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది. పెట్టె మంచం కింద పెట్టి, యూనిఫాం కూడా మార్చుకోకుండా పడుకున్నావు. "సిలిండర్ల గాలి అయిపోయింది మమ్మీ. ఆఖరుది పడలే" అన్నావు. నేను థర్మామీటరు వెతుకుతున్నాను. ఆఖరుది ఏంది, ఎక్కడ పడలేదు అని అడగలేదు.

తర్వాత దవాఖాన. డెంగ్యూ అన్నారు. అది రాయను.

అది గొట్టంలోనే ఉంది, బుడ్డక్కా. నువ్వు పెట్టిన ఆఖరి ఛర్రా, ఆ చిన్న సీసపు గుండు. గాలి చాలక సగం తోవలో ఆగిపోయింది. నీ వేలు తగిలిన వస్తువు. ఇంట్లో నీవి బట్టలున్నాయి, పుస్తకాలున్నాయి, అవన్నీ నువ్వు పని అయిపోయాక పక్కన పెట్టినవే. ఇదొక్కటే నువ్వు మొదలుపెట్టి ఇంకా పూర్తి చేయనిది.

జూలై 11, శుక్రవారం

మేడమ్‌కు చెప్పాలి. చెప్తే కడ్డీ పెట్టి పొడిచి తీసేస్తారు. చెత్తడబ్బాలో వేస్తారు.

మేడమ్ ఎక్కడో పోటీలకు పోయిందట, సోమవారం వస్తుందట. వచ్చాక చెప్తా.

జూలై 12, శనివారం

సంతోషి వాళ్లు వచ్చారు. ఇవాళ వస్తామని పొద్దున్నే ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేసి దారాన్ని రెండు ముక్కలు చేశాను. ఒకటి మూతి వైపు నుంచి, ఒకటి వెనక నుంచి పెట్టాను. చూడ్డానికి మంచిగానే ఉంది. రెండు పక్కలా నారింజ దారం వేలాడుతోంది. దారం లేకుండా ఇస్తే బాగుండదు కదా. అందుకే పెట్టాను.

తండ్రి పేరు తిరుపతి. నల్లగొండ దిక్కు ఊరట. ఆటో మెట్రో స్తంభం కింద ఆపి వచ్చాడు.

"అక్కా, మా పోరి నిన్నటి సంది ఒకటే ముచ్చట. ఆటోల సుత గదే. రైఫిల్ రేపొస్తది నాన్నా, రైఫిల్ రేపొస్తది అని ఒర్రుతుంటే చైతన్యపురి కాడ ఒకాయన పైసలిచ్చి సప్పుడు చెయ్యక దిగిపోయిండు."

"నాన్నా!" అంది పిల్ల.

మీ నాన్న నవ్వాడు. చాలా రోజులైంది నవ్వి. "కూసో తమ్మీ. చాయ్ తాగు" అన్నాడు.

పిల్ల చాయ్ తాగలేదు. చేతులు కడుక్కుని వచ్చి, మూతి గోడవైపు తిప్పి, రెండు కొసలా దారం ఉందో లేదో వంగి చూసింది. "సేఫే ఉన్నది" అంది. అచ్చం నీలాగే గొంతు తగ్గించి.

"పాత సిలిండర్‌కు తారీఖు దాటిపోయిందంట. మేడం పోటీలకు పోయే ముందు కొత్తది నింపి ఇచ్చింది" అన్నాడు తిరుపతి. "తను ఒచ్చి పూరా చూసేదాక ఛర్రా పెట్టొద్దన్నది. దారం అటిటు ఉంటె ఇంట్ల ఉత్త ప్రాక్టీస్ చేస్కోమన్నది."

ఛర్రా పెట్టొద్దన్నది. ఆ మాట ఒక్కటే పట్టుకున్నాను. సోమవారం దాకా ఏమీ కాదు. సోమవారం మేడమ్ చూస్తుంది. నేను చెప్పాల్సిన పని కూడా ఉండదు.

చెప్దామనే నోరు తెరిచాను. "ఇంకొంచెం చాయ్ పోయాల్నా తమ్మీ?" అన్నాను.

జూలై 13, ఆదివారం, పొద్దున

మీ నాన్న షాపుకు పోయాక గది ఊడుస్తున్నాను. అలమారా పక్కన గోడ మీద నల్ల చుక్క ఉంది కదా, నువ్వు అంటించిన స్టిక్కరు. దాని ముందు చీపురుతో నిలబడిపోయాను.

ఉత్త ప్రాక్టీస్. ఛర్రా పెట్టకుండా ఆ చుక్కకు గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కేదానివి. ఠప్పుమని గాలి కొట్టేది. నేను మధ్యలోంచి నడిస్తే "మమ్మీ, లైన్ల రావొద్దు" అని అరిచేదానివి. "ఖాళీదే కదనే" అంటే, "ఖాళీదైనా రావొద్దు" అనేదానివి.

ఆ పిల్ల చేతిలో ఉన్నది ఖాళీది కాదు. సిలిండర్ నిండుగా ఉంది, నొక్కితే ఆ గాలికి లోపలిది దూసుకొస్తుంది. వాళ్లకు చిన్నపిల్ల ఉందని తిరుపతి చెప్పాడు నిన్న.

ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. ఎత్తడం లేదు.

పోతున్నా.

జూలై 13, సాయంత్రం

ఇంటికి వచ్చాను. రాస్తాను.

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద ఆటో దిగి, మార్కెట్లో వాళ్ల పేరు చెప్పి అడుగుతూ పోయాను. కూరగాయలమ్మే ఒకామె చెయ్యి పట్టుకుని గల్లీ దాకా దిగబెట్టింది. నా ముఖం ఎట్లా ఉందో మరి, ఏమైందని కూడా అడగలేదు.

కిరాణం వెనక ఒకటే గది. బయట చిన్నది గిన్నెల మూతలతో ఆడుకుంటోంది. తలుపు మూసి ఉంది. గడప మీద సంతోషి, వీపు తలుపుకు ఆనించి కూర్చుంది. ఇద్దరికీ ఏమీ కాలేదు.

"ఆంటీ, ప్రాక్టీస్ చేద్దామని దారం గుంజితే సగమే ఒచ్చింది" అంది. "ఇంకో సగం ఆ దిక్కు ఉన్నది. రెండు ముక్కలున్నయి."

"ముట్టినవా బిడ్డా?"

"లే. మంచం మీద గోడ దిక్కు తిప్పి పెట్టిన. దీన్ని బయటికి తోలి తలుపేసిన. అమ్మ పనికి పోయింది. నాన్న ఒచ్చేదాక ఈడికెల్లి లెవ్వొద్దని కూసున్న."

"ఎప్పటి సంది?"

"చాయ్ తాగినప్పటి సంది." పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "మీరు చూస్కోలేదా ఆంటీ? పాతదై తెగినట్టున్నది."

చూసుకోలేదు బిడ్డా అంటే అయిపోయేది. ఆ మాట ఆ పిల్లే నా చేతికి ఇచ్చింది. చిన్నది మూతలు టింగుటింగుమని కొడుతోంది.

"చూస్కున్న. నేనే రెండు ముక్కలు పెట్టిన" అన్నాను.

"ఎందుకు?"

"లోపట మా బిడ్డది ఉన్నది. ఆఖరుది. మీరు తీసేస్తరని."

సంతోషి గడప మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. పక్కన కూర్చున్నాను. చిన్నది వచ్చి నాకొక మూత ఇచ్చింది.

తిరుపతి మధ్యాహ్నం వచ్చాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందట. నేనే చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని ఆటో తాళాలు కింద పడ్డాయి.

"అక్కా, మా చిన్నది గా గోడ మీదనే బొమ్మలు గీస్తది. దినాం గాడనే కూసుంటది." గొంతు పెరిగింది. కిరాణం ఆయన తొంగి చూశాడు. "నీ బిడ్డ పోయిందని నా బిడ్డను..."

ఆపేశాడు. పూర్తిగా అని ఉంటే బాగుండేది. అనలేదు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాన్నా, ఆకలైతున్నది" అంది సంతోషి.

లోపల పొయ్యి దగ్గర అన్నం, పప్పు ఉన్నాయి, చల్లారిపోయాయి. మంచం వైపు పోకుండా గోడ వారగా నడిచి తెచ్చి, బయట మెట్టు మీదే కలిపి పెట్టాను. పిల్లలిద్దరూ తిన్నారు. నా చేతి ముద్ద సంతోషి వద్దనలేదు. తిరుపతి తినలేదు.

మీ నాన్నకు ఇప్పుడే చెప్పాను. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "పొద్దుగాల నేను గూడ ఒస్త" అన్నాడు.

జూలై 14, సోమవారం

మేడమ్ మాత్రం తిట్టింది. గట్టిగా తిట్టింది. "అందరు దారాన్ని చూసే నమ్ముతరు. నువ్వు దారంతోనే అబద్ధమాడిస్తివి కదక్కా!" అంది. రేంజిలో పిల్లలంతా చూస్తున్నారు. తిట్టాక నాకు కొంచెం తేలికైంది. బహుశా మేడమ్‌కు కూడా. ఎందుకంటే తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చింది.

రైఫిల్‌ను తిరుపతి ఇంట్లోంచి మేడమే స్వయంగా తెచ్చింది, సిలిండర్ విప్పేసి. బల్ల మీద న్యూస్ పేపర్ పరిచింది. మూతి గోడవైపు. వెనక మూత తెరిచింది. నా దారం ముక్కలు రెండూ తీసి పక్కన పెట్టింది. సన్నటి కడ్డీకి మెత్తటి గుడ్డ చుట్టి మెల్లగా తోసింది. పొడవలేదు, బుడ్డక్కా. పొడుస్తుందని నేను ఊరికే భయపడ్డాను.

టక్కున చిన్న చప్పుడు.

కందిగింజ కంటే చిన్నది. నడుము సన్నగా ఉంది, తల చదునుగా ఉంది. ఆఖరుది పడింది బిడ్డా. పేపర్ మీద పడింది.

"సరిగనే ఎక్కించింది. గాలి చాలక ఆగింది అంతే. జ్యోతిక తప్పేం లేదు" అంది మేడమ్. నా అరచేతిలో పెట్టింది. చెత్తడబ్బా అక్కడే, బల్ల కిందే ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

తర్వాత మొదటి నుంచి చివరి దాకా చూసింది, అదే వరుసలో. గొట్టం మళ్లీ మళ్లీ తుడిచి వెలుతురుకు పెట్టి చూసింది. చెక్క, మరలు, ట్రిగ్గర్. ఈసారి నేను కునుకు తీయలేదు. ఎక్కడో ఒక చీలిక దొరికితే బాగుండని చూస్తూ కూర్చున్నాను. పగిలిన వస్తువైతే ఇంటికి తీసుకుపోవచ్చు కదా.

"మంచిగున్నది" అంది మేడమ్. "ఎన్నేండ్లయినా పని చేస్తది."

మీ నాన్న తిరుపతి వైపు చూశాడు. "తమ్మీ, నీ ఇష్టం. తీస్కోకున్నా ఏమనుకోం."

తిరుపతి కూతురి వైపు చూశాడు.

"దారం ఒక్కటే ఉంటే తీస్కుంట" అంది సంతోషి.

జూలై 15, మంగళవారం

ఒకటే దారం. అతుకు లేదు, ముడి లేదు. సంతోషి వచ్చి తనే ఈ కొస పట్టుకుంది, నన్ను ఆ కొస పట్టుకోమంది. ఆమె గుంజితే నా చేతికి తెలిసింది. నేను గుంజితే ఆమె చేతికి తెలిసింది.

తర్వాత తీసుకుపోయింది.

జూలై 20, ఆదివారం

చీరలు. కుచ్చులు. మంచం పక్కన గోడ దగ్గర చోటు ఖాళీగా ఉంది. షాపు మూటలు అక్కడే పెడుతున్నాం ఇప్పుడు. స్టిక్కరు తీయలేదు.

జూలై 27, ఆదివారం

సెలక్షన్ ఇవాళే. నేను పోకూడదనుకున్నాను. మోకాళ్ల నొప్పి, శ్రావణం ఆర్డర్లు కూడా చాలా ఉన్నాయి. డబ్బాలో ఇడ్లీలు పెట్టుకుని మెట్రో ఎక్కాను.

"ఒద్దాంటీ. ఖాళీ కడుపుతోని ఉంటేనే చెయ్యి కదలదు" అంది సంతోషి.

ఇదెక్కడి చదువే మీకు? అందరికీ ఒకే మాట ఎవరు నేర్పుతారో! ఈసారి మెట్ల దగ్గర ఆగిపోలేదు నేను. లోపలి దాకా వెంటబడ్డాను. "తినెయ్యవే, ఆమె ఒదిలేటట్టు లేదు" అన్నాడు తిరుపతి. ఆ రోజు తర్వాత నా వైపు చూసి మాట్లాడింది ఇవాళే. నవ్వలేదు. కానీ డబ్బా మూత తనే తీసి పట్టుకున్నాడు. పిల్ల తిన్నది. గబగబా, నీళ్లు కూడా తాగకుండా.

సెలక్షన్‌లో పేరు రాలేదు. కొంచెంలో పోయిందని మేడమ్ అంది. సంతోషి బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే వెనక మూత తెరిచి చూసి, దారం పెట్టి, రెండు కొసలూ చూసుకుని, అప్పుడు పెట్టె మూసింది. తర్వాత మిర్చి బజ్జీలు కావాలంది. మిగిలిన ఇడ్లీలు కూడా తిన్నది.

నీ ఛర్రా నా కుచ్చుల సూదుల డబ్బాలో ఉంది. సూది తీసుకున్నప్పుడల్లా వేలికి తగులుతుంది.

అలసిపోయాను ఇవాళ. ఇంక రాయను. నువ్వు ఉన్నచోట ఎవరు వండుతున్నారో, ఏం పెడుతున్నారో నాకు తెలియదు. వచ్చి తింటా అని చెప్పి పోకు. పెట్టింది పెట్టినప్పుడే తిను. కడుపునిండా తిను, బుడ్డక్కా.